రెండేండ్ల రాజు: శ్రీసంఘబోధి

సింహళదేశ చరిత్రమున శ్రీసంఘబోధి యను పేరు మాటిమాటికి కనబడును. కొన్ని శతాబ్దముల కాలము ఆ దేశపు రాజులు పట్టాభిషేక సమయమున రెండు నామములలో నొకదానిని ధరించుచుండిరి. ఒకడు శ్రీసంఘబోధి యైనచో వాని తరువాతివాడు శిలామేఘవర్ణుడగును. ఆ తరువాతివాడు మఱల శ్రీసంఘబోధి యగును. చోళులను లంకనుండి వెడలగొట్టి 1070వ సంవత్సరమున పొలొన్నరువను గైకొనిన మొదటి విజయబాహువు సైతము ఈ నామమునే ధరించెను. (మన వేంగీ చాళుక్య రాజేంద్రుడు కులోత్తుంగుడను పేర చోళ సింహాసన మెక్కినదియు ఆ యేటనే.) ఖడ్గముతో రాజ్యమును మఱల సంపాదించిన యా వీరుడు ధరించిన పేరు మొదట నెవనిదని విచారింపగా, క్రీస్తుశకము మూడవ శతాబ్దపు నడుమ అనురాధపురమున రెండే రెండేండ్లు రాజ్యము చేసి, శత్రువు వచ్చుచున్నాడని విని, కత్తి దూయకయే దక్షిణద్వారమున వెడలిపోయిన యొక రాజుదని తేలుచున్నది.

ఈ రాజు గెలిచిన యుద్ధము లేదు. ఇతడు త్రవ్వించిన చెఱువు మహావంశమున నొకటియు జెప్పబడలేదు. మహావిహారమున భిక్షువులకు అన్నము పంచుటకు శలాకశాల నొకదానిని గట్టించెనని మాత్రమున్నది. అట్లయ్యు సింహళ బౌద్ధులలో నితని కథ నెఱుగనివా రరుదు. ఆ కథను భక్తితో మఱల జెప్పుటకు మేమీ వ్యాసమును బూనలేదు. ఇతని దయ యెట్టిది? అది రాజ్యము నడుపుటకు సరిపోయెనా? సరిపోనిచో లోపము దయయందున్నదా, దానిని నడపిన తీరునందున్నదా? ఇదియే మా విచారణ.

ఇతని చరిత్రమునకు ముఖ్యాధారము మహావంశము. అది పాలిభాషలో నైదవ శతాబ్ద ప్రాంతమున రచింపబడినది. 1837లో టర్నరు దొరయు, 1912లో జర్మను పండితుడగు గైగరును దానిని ఆంగ్లపాఠకులకు సుపరిచిత మొనర్చిరి. అందు ముప్పదియాఱవ పరిచ్ఛేదమున, కొలది గాథలలో, ఇతని వృత్తాంతమంతయు ముగియును. గ్రంథము మహావిహార భిక్షువులది; సంఘబోధి గతించిన రమారమి రెండువందల యేండ్లకు గూర్పబడినది. కావున నందలి ప్రతిమాటయు కన్నులార చూచినవాని సాక్ష్యము కాదు. కాని యా భిక్షువులు మనకు బొత్తిగా పరాయివారును గారు. సంఘబోధి కాలమునకు దగ్గఱగానే, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని పదునాల్గవ రాజ్యసంవత్సరమున, బోధిసిరి యను నుపాసిక మన నాగార్జునకొండయందు తామ్రపర్ణీ స్థవిరులకై చైత్యగృహమును గట్టించెను. అచ్చట సింహళ విహార మొకటి యుండినట్లు నా శాసనమే చెప్పుచున్నది. కృష్ణాతీరమునకును లంకకును రాకపోకలు సాగుచుండిన దినములవి.

కథను కొంచెము వెనుకనుండి యెత్తుకొనవలెను. వోహారికతిస్సు డను రాజు అనురాధపురమున ఇరువదిరెండేండ్లు ఏలెను. ఇతని పేరు జ్ఞాపకముంచుకొనుడు. మఱల నీతనితో మనకు పని గలదు. ఇతని తమ్ముడు అభయనాగుడు రాణితోడి తన సంబంధము బయలుపడగా సముద్రము దాటి పాఱిపోయి, కొంతకాలమునకు దమిళసేనతో మఱలివచ్చి, అన్నను జంపి ఎనిమిదేండ్లు రాజ్యము చేసెను. పిమ్మట వోహారికతిస్సుని కొడుకు శ్రీనాగుడు రెండేండ్లు, వాని కొడుకు విజయుడు ఒక యేడు నేలిరి. ఆ విజయుని కాలమున మహియంగణ ప్రాంతమునుండి లంబకర్ణ వంశీయులు మువ్వురు, సంఘతిస్సుడు, సంఘబోధి, గోఠాభయుడు ననువారు, కొలువు గోరి రాజధానికి వచ్చిరి. తిస్స తటాకపు గట్టుమీద వారు నడచిపోవుచుండగా నొక గ్రుడ్డివాడు వారి యడుగుల చప్పుడు విని, ఈ నేల ముగ్గురు రాజులను మోయుచున్నదని పలికెనట. వెనుక నడచుచున్న గోఠాభయుడు నిలిచి, మాలో నెవని వంశము నిలుచునని యడిగెను. కడపట వచ్చువానిదే యని గ్రుడ్డివాడు చెప్పెను. గోఠాభయుడు ఆ మాటను తనలోనే దాచుకొని మిత్రులను గలిసికొనెను. ఇట్టి జోస్యములు రాజులు రాజులైన పిమ్మట పుట్టునవే యని మా తలంపు. అయినను కథకుడు గోఠాభయుని స్వభావమును ఈ యొక్క ప్రశ్నతో జక్కగా జూపినాడు. తాను రాజగునా యని యతడడుగలేదు; వంశము నిలుచునా యని యడిగెను.

రాజు వీరిని నమ్మి యాదరించెను. మువ్వురును గూడబలుకుకొని యా విజయుని నగరునందే చంపి, సేనాపతియగు సంఘతిస్సునికి పట్టము గట్టిరి.

ఇచ్చట నొక్క నిముసము నిలువవలెను. సంఘబోధి కథను జెప్పు భక్తులు కఱవునొద్దనో శిరోదానమునొద్దనో మొదలుపెట్టుదురు. ఈ హత్యను ముట్టరు. మహావంశకర్తలు మాత్రము దాచలేదు. చీమకైన గీడు తలపెట్టడని పేరు వడసిన రాజు రాజగృహమున నడుగు నిలిపినది తన్ను నమ్మినవాని రక్తముమీద. తరువాతి కాలమున నితడు పంచశీలమును అంత గట్టిగా బట్టుకొనుటకు ఆ రాత్రి జ్ఞాపకము కారణమా యని మాకు దోచును. కళింగ యుద్ధానంతరమున అశోకుడు తన పశ్చాత్తాపమును తానే శిలపై జెక్కించెను గనుక నది మనకు దెలిసినది. ఇతడు శిలపై నేమియు జెక్కింపలేదు. కాబట్టి దీనిని మా యూహగానే గ్రహింపవలయును.

సంఘతిస్సుడు నాలుగేండ్లు ఏలెను. అతడు అంతఃపురముతోడను పరివారముతోడను నేరేడుపండ్లు తినుటకు తూర్పుదీవికి బోవుచుండెడివాడు. పరివారపు బాధలకు తాళజాలక యచ్చటి జనులు రాజు తిను పండునందు విషము పెట్టి చంపిరి. అప్పుడు గోఠాభయుడు సంఘబోధిని రాజుగా నభిషేకించెను. చేతిలోని పట్టమును తాను ధరింపక యొరునికేల యిచ్చెనో గ్రంథము చెప్పదు. తాను భాండాగారికుడై నిలిచెను. కోశము చేతనున్నవానికి కిరీటమునకై తొందర యుండదు.

సంఘబోధి కాలమున మూడు ఆపదలు వచ్చెనని కథ. మొదటిది యనావృష్టి. అనురాధపుర మండలము ఏటి పొడవునను వానలు గురియు నేల కాదు. ఋతువున గురిసిన నీటిని చెఱువులలో నిలువజేసికొనినగాని పైరు లేదు. ఒక యేడు వాన తప్పెనా, చెఱువెండును. చెఱువెండెనా, ఊరు ఖాళీయగును. ప్రజల దురవస్థను విని రాజు మహాస్తూపపు ప్రాంగణమున నేలపై బరుండి, వాననీరు తన్ను దేల్చినగాని లేవనని శపథము పట్టెను. వాన కురిసెను. దీవియంతయు దడిసెను. కాని రాజు లేవలేదు. ఏలయన నీరు తూములగుండ బోవుచుండుటచే నతని శరీరము తేలలేదు. అప్పుడు మంత్రులు పోయి తూములు మూయించిరి. నీరు నిలిచెను, రాజు తేలెను, లేచెను.

ఈ కథను విని నవ్వువారు నవ్వవచ్చును. మాకు మాత్రము ఆ తూములు మూసిన మంత్రులపై మిక్కిలి గౌరవము కలుగుచున్నది. వాన గురిపించుట వారి చేతిలో లేదు. కురిసిన నీటిని ఆపుట వారి చేతిలో నున్నది. రాజు శపథమునకును లోకవ్యవహారమునకును నడుమ నుండిన దూరమును వారు రెండు ఱాళ్లతో పూడ్చిరి. చెఱువుల దేశమునకు గావలసిన విద్యయు నదియే. ఇతని తరువాత నొక తరమునకు రాజైన మహాసేనుడు పదునాఱు చెఱువులు గట్టించెనని యా మహావంశమే చెప్పుచున్నది. మిన్నేరియ యందులోనిది, నేటికిని నీరు నిలిచియున్నది. ఆ మహాసేనుడు మహావిహారమును పాడుచేయించినవాడు. కావున భిక్షువులకు గిట్టనివాడు. ఆ చుట్టుపట్ల రైతులు మాత్రము వానిని మిన్నేరి దేవుడని కొలిచిరి. కఱవునకు బరుండిన రాజును గ్రంథము కొలిచినది, చెఱువు గట్టిన రాజును నాగలి కొలిచినది.

రెండవ యాపద మా విచారణకు ముఖ్యమైనది. దేశమున నక్కడక్కడ చోరులు లేచిరి. పాలిభాషలో చోరశబ్దము దొంగలకును తిరుగుబాటుదారులకును గూడ చెల్లును. రాజు వారిని పట్టి తెప్పించెను. పిమ్మట నెవ్వరికి దెలియకుండ విడిచిపుచ్చెను. శ్మశానములనుండి పీనుగులను రహస్యముగా దెప్పించి, వానిని నలుగురు చూచునట్లు కాల్పించెను. రాజు చోరులను కాల్పించెనని జనులు గడగడలాడిరి; చోరభయము శమించెను.

ఎంత చిత్రమైన దయ! శిక్ష పడవలసినవానికి శిక్ష లేదు. శిక్ష చూచువానికి మాత్రము భయమున్నది. ఈ యుపాయమును బొగడువా రనేకులు కలరు. ప్రాణము పోలేదు, రాజ్యము నిలిచినది, ఇంకేమి కావలెనని వారందురు. మేమట్లనలేము.

దండనమునుగూర్చి మనవారు విచారింపక పోలేదు. మహాభారత శాంతిపర్వమున ద్యుమత్సేనునకును కుమారుడగు సత్యవంతునకును సంవాదమొకటి కలదు. వధ్యులను గొనిపోవుచుండగా జూచి సత్యవంతుడు తండ్రిని వారించును. దొంగ నొకని జంపినచో వాని భార్యయు, తల్లిదండ్రులును, బిడ్డలును గూడ జచ్చినవారే యగుదురుగదా, వారు చేసిన నేరమేమని యడుగును. తండ్రి ఒప్పుకొనడు. చంపదగినవారిని చంపకున్న ధర్మాధర్మములు కలిసిపోవుననియు, పూర్వము ధిక్కారమాత్రముననే జనులు సిగ్గుపడి మానుచుండిరి గాని కాలము మాఱినదనియు జెప్పును. ఇరువురును నెదురెదుర నిలిచి వాదించిరి. ఎవ్వరును పీనుగులను కాల్చి మాయ చేయవచ్చునని యనలేదు. అశోకుడు తన నాల్గవ స్తంభశాసనమున మరణదండన విధింపబడినవారికి మూడు దినముల గడువిచ్చితినని చాటించెను. మరణదండనను ఆతడు తీసివేయలేదు. మూడు దినములు మాత్రమే యిచ్చెను. కాని యిచ్చినదానిని ఱాతిపై వ్రాయించి యిచ్చెను. చదువ నేర్చిన ఖైదీ దానిని చూపి యడుగవచ్చును.

ఇంతకంటె దగ్గఱి దృష్టాంతము వోహారికతిస్సునిది. ఇతనిని మఱల స్మరింతుమని చెప్పియుంటిమి. దేహమునకు హింస లేని వ్యవహారమును, అనగా న్యాయవిధానమును, లంకలో మొట్టమొదట నెలకొల్పినవా డగుటచే నితనికి వోహారికుడని పేరు వచ్చెనని మహావంశము. వ్యవహారమునకే పాలిలో వోహారమని పేరు. చూచితిరా! సంఘబోధి సింహాసనమెక్కుటకు రెండు పదుల యేండ్లు కాకమునుపే, అదే నగరమున, హింసలేని దండనీతి యొకటి యుండెను. అది రహస్యము కాదు, రాజు పేరైనది. అట్టి రాజ్యము ఇరువదిరెండేండ్లు నిలిచినది. అది కూలినది దొంగలవలన గాదు, సొంత తమ్మునివలన. కావున దయతో రాజ్యము నడువదనుట పొరపాటు. సంఘబోధికి లోపించినది దయగాదు, ఆ దయను చట్టముగా జేయు ధైర్యము.

దాచిన దయవలన నింకొక కీడు గలదు. దానిని పూర్వులెవ్వరైన గుర్తించిరో లేదో కాని మాకు మిక్కిలి స్పష్టముగా దోచుచున్నది. పీనుగుల పొగను చూచి భయపడినవారెవ్వరు? ఊళ్లలోని సామాన్యజనులు. రాజు చంపడని యెఱిగినవారెవ్వరు? ఆ చోరులు, వారిని విడిచిన కావలివారు, పీనుగులను దెచ్చిన భటులు, ఈ పనులకు ధనమిచ్చిన భాండాగారము. రాజు భయము లేనిదని తెలిసినవారందఱును రాజు ప్రక్కనే యుండిరి. గోఠాభయుడు ఆ రహస్యము నెఱుగడని మేము నమ్మజాలము. అతడు తిరుగబడిన సందర్భమున మహావంశము వాడిన మాటయు చోరుడనియే. చోరులను రహస్యముగా విడిచిన రాజును చోరుడే దింపెను.

మూడవ యాపద రక్తాక్షుడను యక్షుడు. వాడు సోకినవారి కన్నులు ఎఱ్ఱబాఱును. ఒకరి నొకరు చూచి కన్నులెఱ్ఱబాఱినవని పలికినంతనే చత్తురు. ఇది యేదో యంటురోగపు జ్ఞాపకమని వేఱుగ జెప్పనక్కఱలేదు. రాజు ఉపవాసముండి యక్షుని రప్పించెను. ప్రజలను దినవలదనెను. ఒక మండలపు జనులనిమ్మని యక్షుడడిగెను. ఈయననెను. బేరము తగ్గి తగ్గి యొక్క మనుష్యునికి దిగెను. ఒక్కనినైన నీయను, కావలెనన్న నన్నే దినుమని రాజనెను. అది తనకు జెల్లదని యక్షుడు ఊరూరను బలి మాత్రము గోరెను. రాజు ఒప్పుకొని గ్రామద్వారములయందు దానికి దగిన యేర్పాటులు చేయించెను.

యక్షుని మాట యెట్లున్నను ఆ బేరము తలపోయదగినది. తక్కినవారి క్షేమమునకై యొకనిని విడుచుట రాజనీతి యని చెప్పు గ్రంథములు మనకు గొఱత లేదు. ఇతడా లెక్కను ఒప్పుకొనలేదు. ఇక్కడ దాపఱికము లేదు. పీనుగుల మాయ లేదు. కాదన్నమాట కాదనియే యన్నాడు. ఈ కథ యొక్కటియే మిగిలినను ఇతని పేరు నిలువదగినదని మేమందుము.

ఇక నంత్యము. గోఠాభయుడు ఉత్తరమునుండి నగరముమీదికి వచ్చెను. తనకై పరులు చావరాదని రాజు నీరు వడగట్టుకొను బట్టనొకదానిని మాత్రము గైకొని యొంటరిగా దక్షిణద్వారమున వెడలెను. నీటిలోని క్రిములు చావకుండుటకు భిక్షువులుంచుకొను సాధనమది. రాజ్యమును విడుచుచు దానిని మఱువని మనుష్యుడు! త్రోవలో నొక బాటసారి తన యన్నపు మూటను విప్పి తినుమని పలుమాఱు వేడుకొనెను. రాజు నీరు వడగట్టి త్రావి, అన్నము దిని, ఋణము దీర్చుకొన దలచి, తాను సంఘబోధి ననియు, తన తల గొనిపోయి గోఠాభయునికి చూపినచో బంగారమిచ్చుననియు జెప్పెను. ఆ పేదవాడు ఒప్పుకొనలేదు. రాజు కూర్చున్నచోటనే ప్రాణము విడిచెను. వాడు తలను గొనిపోయెను. గోఠాభయుడు విస్మితుడై వానికి బంగారమిచ్చి, రాజునకు దగిన యుత్తరక్రియలు జరిపించెను.

శిబిని, జాతకములలోని బోధిసత్త్వుని ఎఱిగినవారికి ఈ ఘట్టము క్రొత్తది కాదు. కథకుల చేతిలో నొక రాజు మరణము జాతకముగా మాఱినదనుట స్పష్టము. పదుమూడవ శతాబ్దమున హత్థవనగల్ల విహారవంశమను పాలి గ్రంథము దీనిని మఱింత పెంచి చెప్పినది. నేడు గంపహా మండలమునందలి అత్తనగల్ల విహారము రాజు తల యిచ్చిన చోటని యాత్రికులు పోవుచుందురు. మాకు నచ్చినవాడు ఆ బాటసారి. అతడు అన్నము పెట్టినది రాజునకని యెఱుగడు. తలనిత్తునన్నను వలదనెను. అట్టివాని మూపుమీద తలను బెట్టి నగరికి నడపిన దానమును మేము నిండుమనసుతో బొగడలేకున్నాము. వానికి అన్నపు ఋణము దీఱినది, వేఱొక బరువు తగిలినది.

గోఠాభయుడు పదుమూడేండ్లు ఏలెను. వేతుల్యవాదమును గైకొనిరని అభయగిరి భిక్షువులను అఱువదిమందిని బట్టి సముద్రపు టావలియొడ్డునకు వెడలగొట్టెను. మహావిహారమువారికి అది యిష్టమైన పని. వారి గ్రంథమున నితనిపై కఠినమైన మాట కనబడదు. గ్రుడ్డివాడు చెప్పినట్లు కొడుకులు జేట్ఠతిస్సుడును మహాసేనుడును వరుసగా నేలిరి. వంశము నిలిచినది గోఠాభయునిది, తరువాతి రాజులు తలదాల్చిన పేరు సంఘబోధిది.

ఆ దీవిలో నీ ప్రశ్న యింకను సమసిపోలేదు. లంకలో కడపటి యురిశిక్ష జరిగినది 1976వ సంవత్సరమున. అటు పిమ్మట మేమిది వ్రాయునాటివఱకు నెవ్వనిని ఉరితీయలేదు. అయినను న్యాయస్థానములు మరణదండన విధించుచునే యున్నవి. ఖైదీలు దానిని మోయుచు చెఱసాలలలో ముసలివారగుచున్నారు. చట్టము చంపుమనును, ప్రభుత్వము చంపదు. చంపమని చట్టమున వ్రాయదు. శ్మశానపు పొగ లేదనుటయే గాని, ఏర్పాటు సంఘబోధిదే. అట్లు దాచియుంచిన దయ యెంతసేపు నిలుచునో 2019లో దెలిసివచ్చినది. ఆనాటి యధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన మాదకద్రవ్య నేరములలో శిక్షితులైన నలుగురిని ఉరితీయుటకు సంతకము చేసితినని ప్రకటించెను. చట్టము మార్చ నక్కఱ లేకపోయెను. అది యెప్పటివలెనే యుండెను గదా. ఉరితీయువారు కావలెనని చెఱసాలలవారు ప్రకటించగా నూఱుమందికి పైగా దరఖాస్తులు పెట్టుకొనిరి. సుప్రీముకోర్టు ఆ యురిశిక్షలను నిలిపివేసెను.